ఎడమచేతి వాటమోళ్లకు ఎడమచేతి రైఫిలే కావాల్నా?

ప్రశ్న: అన్నా, మాది హన్మకొండ. డాలస్ దగ్గర ఉంటున్న, ఈ మధ్యనే గ్రీన్ కార్డ్ వచ్చింది. ఆఫీసోళ్లతోని షూటింగ్ రేంజ్‌కు పోవుడు అలవాటైంది. నాది ఎడమచేతి వాటం. ఇన్నాళ్లు వాళ్ల కుడిచేతి బోల్ట్ యాక్షన్ రైఫిళ్లతోనే కొడుతున్న. సొంతంగ కొనేటప్పుడు ఎడమచేతిదానికి మారమని ఒకలు, అక్కర లేదని ఒకలు చెప్తున్నరు. వచ్చే సీజన్ల వేటకు కూడ రమ్మంటున్నరు. ఏం చెయ్యమంటవు?

జవాబు: తమ్మీ, ఇంత పొడుగు రాసినవు గని ఎన్ని పైసలు పెట్టదల్చుకున్నవో ఒక్క ముక్క రాయలే. మొదలు రాయాల్సింది అదే. కొత్తగ వచ్చినోళ్లందరు ఇంతే, వస్తువు గురించి అడుగుతరు, ధర గురించి అడగరు. క్రెడిట్ కార్డ్ బిల్లు వచ్చినంక నాకు ఫోన్ చేస్తరు.

కాయిదాల సంగతి రెండు ముక్కలల్ల చెప్పి వదిలేస్త. గ్రీన్ కార్డ్ ఉన్నది కాబట్టి నువ్వు కొనుక్కోవచ్చు, షాపుల 4473 ఫారం నింపాలె, బ్యాక్‌గ్రౌండ్ చెక్ అయితది. హెచ్1, ఎఫ్1 మీద ఉన్న నీ దోస్తులకు లెక్క వేరు. హంటింగ్ లైసెన్స్ అసొంటి కొన్ని మినహాయింపులు తప్ప వాళ్లు తుపాకి గాని తూటా గాని దగ్గర పెట్టుకుంటే నేరం, నీది ఒక్కసారి పట్టుకోనీయమన్నా ఇయ్యకు. 1971 సెప్టెంబర్ 2, ఆ తర్వాత పుట్టినోళ్లు టెక్సస్‌ల వేటకు పోవాలంటే హంటర్ ఎడ్యుకేషన్ ఉండాలె. మిగతాదంత సర్కారు వెబ్‌సైట్లల్ల ఉంటది, చదువుకో.

ఇగ అసలు ముచ్చట. బోల్ట్ యాక్షన్ అంటే ప్రతి గుండుకు చేత్తోని పిడి గుంజి ఖాళీ ఖోకా (పేలిన తూటా తొడుగు) తీసి, కొత్త తూటా ఎక్కిచ్చే రైఫిల్. కుడిచేతోడు రైఫిల్‌ను కుడి భుజానికి ఆనిస్తే వాని మొహం స్టాక్‌కు, అంటే భుజానికి ఆనే కట్టెకు, ఎడమ దిక్కు ఉంటది. బోల్ట్ పిడి, ఖాళీ ఖోకా బయటపడే సందు రెండూ కుడి దిక్కు, అంటే మొహానికి అవతల ఉంటయి. అదే రైఫిల్‌ను నువ్వు ఎడమ భుజానికి పెట్టుకుంటే ఆ సందు నీ మొహం దిక్కే తెరుసుకుంటది. సెమీ ఆటోమేటిక్ లెక్క ఖోకా దానంతటదే వచ్చి కొట్టదు, బోల్ట్ గుంజినప్పుడే పడుతది కాబట్టి రోజూ అదొక బాధ కాదు. కాని ఎన్నడన్న ఒక తూటా చీలితే వేడి గ్యాస్ నీ దిక్కే రావచ్చు. కండ్లద్దాలు లేకుంట కూసోకు. పైసలు మిగుల్చుకునే జాగ కాదది.

అసలు తేడా బోల్ట్ కాడ వస్తది. బల్ల మీద, బైపాడ్ (రెండుకాళ్ల స్టాండ్) మీదనో ఇసుక సంచుల మీదనో రైఫిల్ పెట్టి కొట్టేటప్పుడు నీ ఎడమచెయ్యి ట్రిగ్గర్ కాడనే ఉంటది, ఖాళీగున్న కుడిచెయ్యి బోల్ట్ గుంజుతది. చెంప కదలదు, స్కోప్‌ల గురి పోదు. కుడిచేతోడైతే ప్రతిసారి ట్రిగ్గర్ చెయ్యి తీసి బోల్ట్ మీద వెయ్యాలె. అందుకే బెంచ్‌రెస్ట్ (బల్ల మీద పెట్టి కొట్టే) పోటీలల్ల కుడిచేతోళ్లు కొందరు కావాల్నని ఎడమ బోల్ట్ రైఫిల్ చేపిచ్చుకుంటరు. అంటే నువ్వు రేంజ్‌కు పోయి బల్ల కాడ కూసుండి కొట్టి వచ్చేటోనివే అయితే, కుడిచేతి రైఫిల్‌తోని నీకు లాభమే ఉన్నది. మారమని చెప్పినాయనెకు ఈ సంగతి తెల్వదనుకుంట.

అడవిల ఇది చెల్లదు. నిలబడో మోకాలు మీదనో కొట్టేటప్పుడు రైఫిల్ బరువు కుడిచేతి మీదనే ఉంటది, దాన్ని తీస్తే ముందుభాగం కిందికి పోతది. ఎడమచెయ్యి స్కోప్ మీదికెల్లి అవతలికి పోవాలె, తల లేవాలె. రెండో గుండు కొట్టేసరికి జంతువు ఎటు పోయిందో తెల్వదు.

నాది కూడ ఎడమచేతి వాటమే, ఈ రెండు ముక్కలు నాకు ఎవ్వలు చెప్పలే. నేను హన్మకొండల కాలేజీల ఎన్‌సీసీ చేసినప్పుడు పాయింట్ టూ టూ రైఫిల్ ఇచ్చిండ్రు. ఎడమ భుజానికి పెట్టుకుంటే ఉస్తాద్ గుంజి కుడికి పెట్టిచ్చిండు, అంతటితోని అయిపోయింది. ఇక్కడ కార్డ్ వచ్చినంక, వేరే రాష్ట్రానికి పోతున్న ఒక కొలీగ్ తన .308 రైఫిల్‌ను సగం ధరకు ఇస్తనన్నడు. కుడిచేతిది. సగం ధర అనంగనే నాకు చేతివాటం యాదికి రాలే. అప్పట్ల నాకు ప్రతి డాలర్‌ను రూపాయలల్ల గుణించి, కాజీపేట దిక్కు గజం జాగతోని పోల్చుకునే జబ్బుండె. సగానికి వస్తే సగం ప్లాట్ మిగిలినట్టే అనుకునేది. తీసుకున్న. బల్ల కాడ మంచిగనే కొట్టేది. (మనల్ల మన మాట, ఆ కొలీగ్ కంటె మంచిగ కొట్టేది.)

తర్వాత ఒకలు అడవి పందుల వేటకు పట్టుకపోయిండ్రు. మొదటి గుండు పోయింది. రెండోదానికి తల లేపి చెయ్యి అవతలికి వేసేవరకు అక్కడ గడ్డి తప్ప ఏం లేదు. పక్కనున్నాయన ‘నీకు ఎడమచేతి రైఫిల్ కావాలె’ అన్నడు. మంచిమాటే. నేను దాన్ని ఎట్ల పాటించిన్ననేదే కథ.

ఆ వారమే ఒక పాత తుపాకుల షాపుకు పోయిన. వరుసగ నిలబెట్టినవాట్లల్ల ఎడమచేతిది ఒక్కటే ఉండె, అది .300 విన్‌చెస్టర్ మాగ్నం, భుజానికి మస్తు దెబ్బ కొట్టే పెద్ద తూటాది. ఎడమచేతిది దొరికిందన్న సంబురంల క్యాలిబర్ (తూటా సైజు) గురించి ఆలోచించలే. బేరమాడి తగ్గిచ్చుకున్న, అక్కడికి నేనే గెలిచిన్ననుకున్న. రేంజ్‌ల భుజం కమిలింది. దెబ్బకు భయపడి ట్రిగ్గర్ నొక్కకముందే కండ్లు మూసుకునుడు అలవాటైంది, అది పోనీకి నెలలు పట్టింది. .22 తూటా పది సెంట్ల అటూఇటు ఉంటది, దీనికి ఒక్కొక్కటి రెండు డాలర్ల పైమాటే. ఒక్క పొద్దుగాల నేను పేల్చిన పైసలతోని ఇంట్ల వారం కూరగాయలు వస్తయి. పైసల కన్నా విచిత్రం ఇంకోటి. అన్నాళ్లు కుడిచెయ్యి బోల్ట్ గుంజుడు మరిగింది, ఇప్పుడు పిడి ఎడమకు వచ్చింది. గుండు పేలంగనే కుడిచెయ్యి పోయి ఉత్త ఇనుమును తడుముతది. ఎలపట కట్టి మరిగిన ఎద్దును ఒక్కపారి దాపటకు కడితే కాడి కింద ఎట్ల కొట్టుకుంటదో, అట్ల. బల్ల మీద నా వేగం ఇంక తగ్గింది.

అమ్ముదామంటే కొనేటోడు లేడు. పదిమందిల ఒకరిది ఎడమచేతి వాటం, వాళ్లల్ల రైఫిల్ కావాల్సినోళ్లు ఎందరు, అండ్ల మాగ్నం అడిగేటోళ్లు ఎందరు? చివరికి నష్టానికే పోయింది. ఆ నష్టం ఎంతనో మీ వదినకు ఇప్పటికీ సగమే తెల్సు. నీకు కూడ చెప్ప.

నీ విషయంల ఇంకోటి చూసుకోవాలె. మన ఇండ్లల్ల ఎడమచేతి పిల్లలను సగం కుడికి మార్చే పెంచుతరు. అన్నం కుడిచేత్తోనే తినాలె, దక్షిణ కుడిచేత్తోనే ఇయ్యాలె, పలక మీద ఎడమచేత్తో రాస్తే పంతులు వేళ్ల మీద కొట్టేటోడు. ఇక్కడి ఎడమచేతోళ్లకు ఈ తర్ఫీదు లేదు. కాబట్టి వాళ్లు రాసుకున్న సలహాలు నీకు మొత్తం అతకవు. నీ కుడిచెయ్యి వాళ్ల కుడిచెయ్యి కంటె పనిమంతురాలు. నువ్వు రాసుడు ఏ చేత్తో, బంతి ఇసురుడు ఏ చేత్తో, సుత్తె పట్టుడు ఏ చేత్తో చూసుకో. ఆ తర్వాత కన్ను చూసుకో. రెండు చేతులు చాపి వేళ్ల నడుమ చిన్న సందు చేసి, దూరంగున్న గడియారాన్ని రెండు కండ్లతోని అండ్లకెల్లి చూడు. ఒక్కొక్క కన్ను మూయి. ఏ కన్ను తెరిచినప్పుడు గడియారం సందులనే ఉంటదో అదే నీ గురి కన్ను. ఎడమచేతి వాటం ఉండి కుడికన్ను బలంగున్నోళ్లు మస్తు మంది ఉంటరు. నీది గట్లయితే కుడి భుజానికే మారు, కుడిచేతి రైఫిలే కొను. చౌక, ఎక్కడన్న దొరుకుతది, అమ్మినా పోతది. ఎడమకన్నే అయితే ఎడమ భుజం వదలకు.

అప్పుడు కూడ రేంజ్‌కే పోయేటోనివైతే మారకు. వేటకు పోతనని రాసినవు కాబట్టి నా మాట ఇది: మొదటి రైఫిలే ఎడమచేతిది కొను. మధ్యల మారుడే అన్నిటికంటె ఎక్కువ పైసలు తింటది. సావేజ్, రూగర్ అమెరికన్, టిక్కా, బ్రౌనింగ్ ఎక్స్-బోల్ట్, అన్నిట్లల్ల ఎడమచేతి మోడళ్లు వచ్చినయి. వాటిల్ల చౌకవి కొత్తగనే 500 నుంచి 700 డాలర్ల మధ్య చూడొచ్చు. క్యాలిబర్‌లు మాత్రం కుడిచేతోళ్లకు ఉన్నన్ని ఉండయి. .308, .243, 6.5 క్రీడ్‌మోర్ తప్ప వేరేది అగ్గువకు వచ్చినా తీసుకోకు, టెక్సస్ జింకకు అవే ఎక్కువ. స్టాక్ మార్చుకుందామన్నా, చాసిస్ (స్టాక్ బదులు వేసే లోహపు చట్రం) వేసుకుందామన్నా ఎడమచేతోళ్లకు దొరికేటివి తక్కువ, అందుకే ఉన్నది ఉన్నట్టే నచ్చితేనే కొను.

ఎడమ బోల్ట్‌కు పైసలు సరిపోకుంటే సేఫ్టీ (ట్రిగ్గర్ పడకుంట ఆపే మీట) ఎక్కడున్నదో చూసి కుడిచేతిదే కొను. 1958ల వచ్చిన సావేజ్ 110 నుంచి ఇప్పటి రూగర్ అమెరికన్ దాక చానవాటికి సేఫ్టీ స్టాక్ మీద, బొటనవేలు కింద ఉంటది, ఏ చెయ్యికైనా ఒకటే. రెమింగ్టన్ 700కు బోల్ట్ వెనుక కుడి దిక్కు ఉంటది, ఎడమ బొటనవేలికి అందదు. అసలు బోల్ట్ గొడవే వద్దంటే లివర్ యాక్షన్ (ట్రిగ్గర్ కాడి మీటను కిందికి గుంజి నడిపేది) చూడు. పాత విన్‌చెస్టర్ 1894లు ఖోకాను పైకి ఎగరేస్తయి, కుడి ఎడమ పంచాయితే లేదు.

కొన్నంక ఫోటో తీసి వెంటనే ఊరికి పంపకు. నేను పంపిన. తొంభైలల్ల, నక్సలైట్ల కాలంల, ఏటూరునాగారం, తాడ్వాయి దిక్కు సర్కారు నౌకరీ చేసిన ఇల్లు మాది. అమ్మ ఫోన్ల చానసేపు ఏం మాట్లాడలే, తర్వాత ‘బిడ్డా, దాన్ని వాపసు ఇచ్చెయ్యి’ అన్నది. ఇప్పటికీ ప్రతి దసరాకు అదే అడుగుతది.

ఇంట్ల చిన్నపిల్లలున్నరా రాయలే. ఉన్నా లేకున్నా తాళమున్న సేఫ్ కొనాలె, దానికి 200, 300 డాలర్లు ముందే పక్కకు తీసిపెట్టు. స్కోప్‌కు, చెవుల మఫ్‌లకు, రేంజ్ ఫీజుకు, మొదటి సీజన్ తూటాలకు తీసినంక ఎంత మిగిలిందో నాకు రాయి, ఏ మోడలో అప్పుడు చెప్త.