గారె ముక్కకు పచ్చడి: నంజుకోవడమా, నంచుకోవడమా?

సందేహం: దసరాకి మా అపార్టుమెంటులో అందరం కలిసి గారెలు వేసుకుందాం అనుకున్నాం. వాట్సాప్ గ్రూపులో పెట్టడానికి ఐటమ్స్ లిస్టు రాస్తూ మా అబ్బాయి ‘గారె విత్ జింజర్ డిప్’ అని రాశాడు. నాకు మనసొప్పలేదు. మా గుంటూరు వైపు ‘నంజుకోవడానికి అల్లం పచ్చడి’ అంటాం. పక్క ఫ్లాటులో ఉండే కరీంనగర్ ఆవిడ ‘అంచుకు’ అంటారు. టీవీ వంటల్లో ‘నంచుకోవడం’ అని వింటున్నాను. వీటిలో ఏది ఒప్పు? ‘డిప్’కి తెలుగు మాట ఉందా? గారెలు వేయడమా, వండడమా, కాల్చడమా? – ఒక పాఠకురాలు, హైదరాబాద్

సమాధానం: మీకు మనసొప్పకపోవడమే సబబు తల్లీ. డిప్ అంటే ముంచడం. అల్లం పచ్చడిలో గారెను ముంచే మనిషిని మీరెక్కడైనా చూశారా? అల్లం, చింతపండు, బెల్లం, ఎండుమిరపకాయలు పడ్డ ఆ పచ్చడి గట్టిగా ఉంటుంది, ఘాటుగానూ ఉంటుంది. వేడి గారెను తుంచి, కరకరలాడే వైపును పచ్చడికి అలా ఆనించి, ఎంత అంటుకుంటే అంతే నోట్లో పెట్టుకుంటాం. మళ్లీ తుంచుతాం, మళ్లీ ఆనిస్తాం. ఈ పనికి తెలుగులో ఒక క్రియ ఉంది, అది నంజు. ఇంత కచ్చితమైన మాట ఇంట్లో పెట్టుకుని పిల్లలు డిప్ అంటున్నారంటే తప్పు పిల్లలది కాదు, వాళ్ల ముందు ఆ మాట వాడటం మానేసిన పెద్దలది.

నంజుకోవడం అంటే ప్రధానమైన తిండిని తింటూ మధ్యమధ్య రుచికోసం వేరొకదాన్ని కొద్దికొద్దిగా తినడం. ‘కొద్దికొద్దిగా’, ‘మధ్యమధ్య’ అన్న రెండూ లేకపోతే అది నంజుకోవడం కాదు. పచ్చడిని అన్నంలో కలిపితే కలుపుకోవడం అవుతుంది. కోడి పులుసులో గారెను నానేసి తింటే అది ముంచుకోవడమే, అక్కడ డిప్ అన్నా నేను గొడవపడను. ఇంకో సంగతి, నంజుడు సరుకు అంటూ విడిగా ఏమీ ఉండదు. సాయంత్రం గారె ప్రధానమైతే పచ్చడి నంజుకుంటాం. అదే పండగ భోజనంలో పప్పుచారు అన్నం తింటూ ఆ గారెనే నంజుకుంటాం. అప్పడమూ వడియమూ ఊరమిరపకాయా అంతే. అంటే ఈ మాట చెప్పేది వస్తువు గురించి కాదు, ఆ పూట విస్తట్లో దానికి దక్కిన స్థానం గురించి. డిప్ అన్న మాటకి ఈ వివేకం లేదు, అది గిన్నెలో ఉన్న పదార్థం దగ్గరే ఆగిపోతుంది.

సంస్కృతంలో దీనికి సరిజోడు ఉపదంశం. ఉప అంటే పక్కన, దంశం అంటే కొరకడం. పాముకాటుకు వాడే సర్పదంశంలో ఉన్న దంశమే ఇదీను. పాణిని దీనికోసం ప్రత్యేకంగా ఒక సూత్రమే చేశాడు, ‘ఉపదంశస్తృతీయాయామ్’ అని. అతని వ్యాకరణ గ్రంథం అష్టాధ్యాయిలో మూడో అధ్యాయం నాలుగో పాదంలో 47వ సూత్రం. వ్యాఖ్యాతలు చూపించే ఉదాహరణ ‘మూలకోపదంశం భుంక్తే’, అంటే ముల్లంగి కొరుక్కుంటూ భోంచేస్తున్నాడని. ముల్లంగి నంజుకుని అన్నం తినే మనిషికోసం వ్యాకరణంలో చోటిచ్చారంటే ఆ కాలంవాళ్లు ఈ పనిని ఎంత దగ్గరగా గమనించి ఉండాలి! ఆ సూత్రంలోని తృతీయను, అంటే తెలుగులో ‘తో’ చెప్పే విభక్తిని గుర్తుపెట్టుకోండి, దానితో తర్వాత పని పడుతుంది.

ఇక్కడ ఒక విచిత్రం చెప్పకుండా ఉండలేను. ఉపదంశం అన్నది ఆయుర్వేదంలో ఒక జబ్బు పేరు కూడా. మన నంజూ అంతే, కాళ్లూ చేతులూ వాచే రోగాన్ని పల్లెల్లో నంజు అంటారు. తమిళ కన్నడాల్లో నంజు అంటే ఏకంగా విషం. మైసూరు దగ్గర నంజనగూడులో వెలసిన దేవుడు నంజుండేశ్వరుడు, అంటే విషం తిన్న శివుడు. దీన్ని పట్టుకుని నంజుకోవడానికీ విషానికీ చుట్టరికం కలిపే ఉత్సాహవంతులు ఉన్నారు. కలపకండి. వినడానికి ఒక్కలా ఉన్నంతమాత్రాన మాటలు అన్నదమ్ములు కావు. తినే నంజు వేరు, వాచే నంజు వేరు అనే నేను అనుకుంటున్నాను.

చుట్టరికం నిజంగా కలిపి చూడాల్సింది నంజుడు అన్న మాటతో. పాత తెలుగులో నంజుడు అంటే మాంసం. రాక్షసుడికి నంజుడుతిండి అని పేరు, నిఘంటువుల్లో దొరుకుతుంది. తిన్నడు కాళహస్తిలో శివుడికి తెచ్చిపెట్టింది నంజుడే. నంజు అన్న ధాతువు మీద ‘ఉడు’ చేరి నంజుడు అయిందనీ, మొదట ‘నంజుకోవడం’ అనే పనికీ, తర్వాత ‘నంజుకునే వస్తువు’కీ, చివరికి నంజుకునేవాటిలో అందరూ ఎక్కువ ఇష్టపడే మాంసానికీ పేరైందనీ నా ఊహ. ఊహే అంటున్నాను, రుజువైంది అనడం లేదు. కానీ దీనికి బలమిచ్చే సంగతి మన హైదరాబాదులో రోజూ చెవినపడుతూనే ఉంటుంది. తెలంగాణలో ‘కూర’ తెచ్చినమంటే చాలాచోట్ల మేకమాంసమో గొర్రెమాంసమో తెచ్చారని అర్థం. ఆకుకూరలకీ కాయగూరలకీ ఉన్న కూర అన్న మాట అక్కడ ఒక్క మాంసానికి నిలిచిపోయింది. నంజుడు కూడా అదే దారిన నడిచి ఉంటుంది. పైగా ఆ ‘ఉడు’ ప్రత్యయం గ్రాంథికంలో మిగిలిన శిథిలం అనుకునేవాళ్లు ఒక్కసారి బయటికెళ్లి చెవులు పెట్టి వినాలి. చేసుడు, తినుడు, పోవుడు అని తెలంగాణ జనం నోట నిక్షేపంగా బతికే ఉంది. దసరానాడు గారెలూ మాంసం కూరా చేసుకునే ఇళ్లలో వస్తువూ, మాట కట్టుకున్న తీరూ రెండూ ఉన్నాయి, నంజుడు అన్న పేరు ఒక్కటే జారిపోయింది.

ఇక నంజు, నంచుల గొడవ. నిఘంటువుల మొగ్గు ‘నంజు’ వైపే. రాతలో నేనూ అదే రాస్తాను. అలాగని ‘నంచుకోవడం’ అన్నవాళ్లను తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. కన్నడంలో ఇదే పనికి ‘నెంచికొళ్ళు’ అని చకారంతోనే వాడుకలో ఉంది. తెలుగులోనూ ఉంచు, దించు, పంచు, ముంచు వంటి క్రియలు బోలెడన్ని ఉండగా వాటి వరసలో పడి నంజు నంచు అయిందనుకోవచ్చు, లేదా రెండు రూపాలూ మొదటినుంచీ పక్కపక్కనే ఉన్నాయనుకోవచ్చు. ఇది తేలలేదు. కాబట్టి నంజు శిష్టం, నంచు వాడుకలో చెల్లుతుంది అన్నంత మటుకే చెప్పగలను. అయితే ఒకే వ్యాసంలో ఒకచోట నంజు, మరోచోట నంచు రాసేవాళ్లున్నారు, అది మాత్రం అజాగ్రత్త.

మీ పక్కింటావిడ అన్న ‘అంచుకు’ మంచి మాట. ‘అంచుకు ఉల్లిగడ్డ పెట్టుకో’, ‘అంచుకు తొక్కు ఉందా’ అంటారు. ఇది నంచులో న జారిపోతే వచ్చిందని ఒకరు నాతో వాదించారు. మాట మొదట్లో ఉన్న న అంత తేలిగ్గా జారిపోవడం తెలుగులో మామూలు కాదు. అంచు అంటే ఇక్కడ కంచం అంచు, విస్తరి అంచు. నడుమ ఉన్నది అన్నం, అంచున ఉన్నది పచ్చడి. చూసిన చూపునే మాట చేసుకున్నారు. తమిళులు ఇదే చోట ‘తొట్టుకొళ్ళ’ అంటారు, అంటే తాకించుకోవడానికి. మన నంజు కొద్దికొద్దిగా తినడాన్ని చూసింది, తమిళం తాకడాన్ని చూసింది, తెలంగాణ చోటును చూసింది. మీ అబ్బాయికి ఇవన్నీ చెప్పి, ఆ తర్వాత డిప్ అని రాయమనండి చూద్దాం.

నాకు డిప్ కంటే ఎక్కువ బాధ కలిగించేది ‘విత్’. మెనూ కార్డుల్లో, బోర్డుల మీద, పెళ్లిభోజనాల లిస్టుల్లో ఎక్కడ చూసినా ‘ఇడ్లీ విత్ సాంబార్’, ‘బజ్జీ విత్ చట్నీ’. తో అనే ఒకే ఒక్క అక్షరం రాయడానికి బద్ధకమా! తృతీయను గుర్తుపెట్టుకోమన్నది ఇందుకే. పాణినిదే మరో సూత్రం, ‘సహయుక్తేఽప్రధానే’, రెండో అధ్యాయంలో. కూడా ఉన్నవాటిలో ఏది అప్రధానమో దానికే తృతీయ. తండ్రి ప్రధానమైతే ‘కొడుకుతో వచ్చాడు’ అంటాం. అందుకే ‘అల్లం పచ్చడితో గారెలు’ అంటే గారెలు ముఖ్యం. ‘గారెలతో అల్లం పచ్చడి’ అంటే పచ్చడి ముఖ్యం. తో ఎక్కడ చేర్చామన్నదాన్ని బట్టే విస్తట్లో పెద్ద ఎవరో, పక్కవాద్యం ఎవరో తేలిపోతుంది. ‘విత్’ పెట్టగానే తెలుగు వాక్యం వెనుకది ముందుకీ ముందుది వెనక్కీ తిరగబడుతుంది.

ఈ తో పెట్టడంలో శ్రీనాథుడి నేర్పు చూడండి. కనకాభిషేకం చేయించుకున్న కవి, పల్నాడు వెళ్లి అక్కడి తిండి మింగుడుపడక కృష్ణుడితో అన్నాడని పేరున్న చాటువు ఇది.

ఫుల్లసరోజనేత్ర! యల పూతన చన్నుల చేదు ద్రావి నా
డల్ల దవాగ్ని మ్రింగితి నటంచును నిక్కెద వేల? తింత్రిణీ
పల్లవయుక్తమౌ నుడుకు బచ్చలిశాకము జొన్నకూటితో
మెల్లన నొక్కముద్ద దిగమ్రింగుము నీ పస కాననయ్యెడున్

పూతన విషం తాగాననీ, దావాగ్నిని మింగాననీ నిక్కుతున్నావే, చింతచిగురు కలిపిన వేడివేడి బచ్చలికూరను జొన్నకూడుతో ఒక్క ముద్ద మింగు, నీ పస తెలుస్తుంది అన్నాడు. మామూలుగా ఎవరైనా ఏమంటారు? బచ్చలికూరతో జొన్నకూడు తినమంటారు. కూడు ప్రధానం, కూర అప్రధానం. శ్రీనాథుడు దాన్ని తిప్పేశాడు. తో వెళ్లి జొన్నకూటికి చేరింది, బచ్చలిశాకం కర్మగా నిలబడింది. విషమూ దావాగ్నీ కూర్చున్న వరసలో ఇప్పుడు కూర్చోవాల్సింది ఆ కూరే కాబట్టి. దేవుడికి పరీక్ష పెట్టేది కూర, జొన్నముద్ద దానికి తోడుమాత్రమే. ఒక్క విభక్తిని అటునుంచి ఇటు జరిపి వెక్కిరింత పుట్టించాడు మహానుభావుడు. ఇంకో విశేషం, ఈ ఒక్క పద్యంలో ‘విత్’ అనాల్సిన చోట్లు రెండున్నాయి. ఒకచోట సంస్కృతంలో ‘యుక్తమౌ’ అన్నాడు, మరోచోట తెలుగులో ‘తో’ అన్నాడు. చింతచిగురు కూరలో కలిసిపోయింది కనుక యుక్తం. జొన్నకూడు కలిసిపోదు, పక్కన ఉంటుంది కనుక తో. నేనెన్నిసార్లు చదివినా ఈ పద్యం దగ్గర ఆగకుండా ముందుకు పోలేను.

మిగిలినవి క్లుప్తంగా. చట్నీ మన మాట కాదు, హిందీ ఉర్దూల ‘చాట్‌నా’ నుంచి వచ్చింది, అంటే నాకడం. భక్ష్య భోజ్య లేహ్య చోష్యాల్లోని లేహ్యం కూడా అర్థంలో అదే. హైదరాబాదులో అది ఎప్పటినుంచో పాతుకుపోయింది, ఉండనివ్వండి. సాస్ లాటిన్‌లో ఉప్పు మాట నుంచి పుట్టింది. వడ సంస్కృత వటకానికి రూపాంతరం. గారెకు దగ్గరగా ‘ఘారిక’ అన్న మాట 12వ శతాబ్దపు సంస్కృత గ్రంథం మానసోల్లాసంలో కనిపిస్తుంది. ఆ గ్రంథం రాసినవాడు మనకు అట్టే దూరంలేని కల్యాణిని ఏలిన చాళుక్యరాజు మూడో సోమేశ్వరుడు. గారె అన్న దేశిపదానికే సంస్కృతపు తొడుగు వేసి ఉంటారని నా మొగ్గు. హోటళ్లలో గారెకు వడ అన్న పేరు స్థిరపడింది, ఇళ్లలోనైనా గారె అనడం మానకండి. తెలంగాణలో బియ్యప్పిండితో చేసే చెక్కల్ని కూడా చాలాచోట్ల గారెలనే అంటారు కనుక మీ లిస్టులో ‘మినప గారెలు’ అని రాస్తే ఎవరికీ టెన్షన్ ఉండదు.

లిస్టులో ‘మినప గారెలు, నంజుకోవడానికి అల్లం పచ్చడి’ అని రాయండి. కింద కుండలీకరణంలో ‘అంచుకు’ అని చేరిస్తే పక్కింటావిడా సంతోషిస్తారు. క్లుప్తంగా కావాలంటే ‘అల్లం పచ్చడితో గారెలు’.

గారెలు వేయడం, చేయడం, వండడం, కాల్చడం అన్నీ చెల్లుతాయి, ప్రాంతాన్ని బట్టి ఒకటి పైకి తేలుతుంది. తట్టడం మాత్రం పిండిని ఆకు మీదో తడి గుడ్డ మీదో వత్తి చిల్లు పెట్టేవరకే. మూకుట్లో పడ్డాక తట్టడం ఉండదు, అక్కడినుంచి వేగడమే.