పైసలు తప్పించిన కమిట్ ఏది?

ప్రశ్న: ఋషికొండ ఐటీ పార్కులో ఒక చిన్న సంస్థలో పనిచేస్తున్నాను. మా బిల్లింగ్ ప్రోగ్రామ్‌లో జీఎస్టీ రౌండాఫ్ కొన్ని బిల్లుల్లో పైసల తేడాతో వస్తోంది. మార్చి విడుదలలో సరిగానే ఉండేది. ఆ తర్వాత దాదాపు 600 కమిట్లు (కోడ్‌లో నమోదైన మార్పులు) పడ్డాయి. అన్నీ తెరిచి చదవమంటున్నారు మా టీమ్ లీడర్. వేరే దారి ఉందా?
– ఒక పాఠకురాలు, మధురవాడ

జవాబు: చదవకండి. పైసల లెక్క తప్పించే మార్పు చూడటానికి అమాయకంగా ఉంటుంది. లేకపోతే సమీక్షలోనే ఎవరో ఒకరు పట్టుకునేవారు.

కోడ్ మార్పుల చరిత్రను దాచే గిట్‌లో బైసెక్ట్ అనే ఆదేశం ఇందుకే ఉంది. ‘గిట్ బైసెక్ట్ స్టార్ట్’ అని మొదలుపెట్టి, ఇప్పటి కోడ్‌ను ‘బ్యాడ్’ అనీ, మార్చి విడుదల ట్యాగ్‌ను ‘గుడ్’ అనీ చెప్పండి. మధ్యలోని కమిట్‌ను తీసి మీ ముందు పెడుతుంది. తేడా వచ్చే బిల్లు ఒకటి వేసి చూసి, గుడ్డో బ్యాడో చెప్పండి. ప్రతిసారీ సుమారు సగం కమిట్లు పక్కకు తప్పుకుంటాయి కాబట్టి 600కు పది పరీక్షలు చాలు. బిల్డే కాని (నడిచే ప్రోగ్రామ్‌గా తయారే కాని) కమిట్ తగిలితే బ్యాడ్ అనకండి, ‘స్కిప్’ అనండి. పని అయ్యాక ‘గిట్ బైసెక్ట్ రీసెట్’ చేయండి.

పది బిల్లులు చేత్తో వేయడం కూడా నాకైతే బద్ధకమే. బిల్లు మొత్తం సరిగ్గా వస్తే 0, తప్పితే 1, తేల్చలేకపోతే 125 తిరిగి ఇచ్చే స్క్రిప్టు రాసి ‘గిట్ బైసెక్ట్ రన్’కు అప్పగించి, మీరు టీకి వెళ్ళండి. స్క్రిప్టును మాత్రం ప్రాజెక్టు ఫోల్డరు బయట ఉంచండి. కమిట్ చేసిన ఫైలైతే, కోడ్ వెనక్కి వెళ్ళినప్పుడు అదీ మారిపోతుంది లేదా మాయమవుతుంది.

అసలు చిక్కు డేటాబేస్‌తో. కోడ్ మార్చి నెలకు వెళ్ళినా టేబుళ్ళు ఇవాళ్టివే. మధ్యలో ఎవరైనా కాలమ్ పేరు మార్చి ఉంటే, ఏ పాపం ఎరగని కమిట్ కూడా పరీక్షలో ఓడిపోతుంది. గిట్ పాపం మీ మాట నమ్మి దాన్నే దోషిగా చూపిస్తుంది. అందుకని ప్రతి పరీక్షకు ముందు ఖాళీ డేటాబేస్ సృష్టించి, ఆ కమిట్‌లో ఉన్న మైగ్రేషన్లనే (టేబుళ్ళను కట్టే, మార్చే స్క్రిప్టులనే) నడపండి. లైబ్రరీలను (బయటి నుంచి తెచ్చుకున్న కోడ్‌ను) కూడా ఆ కమిట్‌లోని లాక్ ఫైలు, అంటే ఏ లైబ్రరీ ఏ వెర్షనో రాసి ఉంచే ఫైలు ప్రకారం మళ్ళీ ఎక్కించండి. ఈ రెండింటిలో ఏది విఫలమైనా స్క్రిప్టు 125 ఇవ్వాలి. ఖాతాదారుల అసలు డేటాబేస్ పాస్‌వర్డు ఆ స్క్రిప్టు దరిదాపుల్లో కూడా ఉండకూడదు.

చరిత్ర అంతా మీ కంప్యూటర్‌లోనే ఉంటుంది కనుక బైసెక్ట్‌కు నెట్ అక్కర్లేదు, లైబ్రరీలు ముందే దింపుకొని ఉంటే. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను తర్వాత నెట్ లేని మన విశాఖ పరిస్థితి చూసినవాడిని, ఈ గుణానికి నేను రెండు మార్కులు ఎక్కువే వేస్తాను.

దొరికిన కమిట్‌లో నలభై ఫైళ్ళు ఉంటే మాత్రం వెతుకులాట మళ్ళీ మొదలు. అప్పుడు ఒక కమిట్‌కు ఒకే మార్పు ఉండాలన్న సంగతి మీ లీడర్‌ గారితో మాట్లాడండి. కమిట్ మీద ఆయన పేరే ఉంటే, కాస్త నెమ్మదిగా.