ఎనిమిదో రోజు తూకం

పాఠకుల ప్రశ్నలు, డాక్టరు జవాబులు

ప్రశ్న: డాక్టర్ గారూ, నమస్కారం. మాది మిర్యాలగూడ దగ్గర పల్లె. నాకు 29 ఏళ్ళు, ఇద్దరు పిల్లలు. రైస్ మిల్లులో లెక్కలు రాస్తాను. మే నెలాఖరులో బరువు చూసుకునే యంత్రం కొన్నాను. అప్పటి నుంచి రోజూ ఉదయం నలభై నిమిషాలు కాలువ కట్ట మీద నడుస్తున్నాను. రాత్రి అన్నం మాని రెండు జొన్నరొట్టెలు తింటున్నాను. పొద్దున్నే తూకం చూసి గోడ క్యాలెండరులో ఆ తేదీ కింద రాస్తాను. జీతం వచ్చే ఒకటో తారీఖున కిందటి నెలతో పోల్చుకుంటాను. జూన్ 1న 64.2 కిలోలు, జూలై 1న 63.8, ఆగస్టు 1న 63.7, సెప్టెంబర్ 1న 63.9. మూడు నెలల కష్టానికి తగ్గింది మూడు వందల గ్రాములు. అది చూసి ఏడుపొచ్చింది. ఆ రోజు నుంచి నాలుగు రాత్రులు ఏమీ తినకుండా పడుకున్నాను. అయినా 5వ తేదీ ఉదయం నెలసరి వచ్చేసరికి 64.5 ఉన్నాను, మొదలుపెట్టిన నాటికన్నా ఎక్కువ! ఆగస్టు 30న 63.2 ఉన్నదాన్ని ఆరు రోజుల్లో ఇంత ఎలా పెరిగాను? తట్టుకోలేక మా మామగారికి బీపీ కోసం ఇచ్చిన నీళ్ళ మాత్ర ఒకటి వేసుకున్నాను. మర్నాడు మిల్లులో మెట్లు దిగుతుంటే కళ్ళు తిరిగి అక్కడే కూలబడ్డాను. మా అత్తమ్మ మాత్రం "నీరు పట్టింది బిడ్డా, అదే పోతుంది" అంటుంది. నీళ్ళు తాగడం తగ్గించాలా? ఇక నడక మానేయాలా? క్యాలెండరు పేజీల ఫొటోలు పంపుతున్నాను.
– పేరు రాయవద్దు

జవాబు: అమ్మా, మీ అత్తమ్మ చెప్పినదే సరైన మాట. ముందు ఆ మాత్ర సంగతి. ఇంకొకరి నీళ్ళ మాత్ర మళ్ళీ ఎప్పుడూ వేసుకోవద్దు. అది నీటితో పాటు ఒంట్లోని సోడియం, పొటాషియం లవణాలను కూడా లాగేస్తుంది. బీపీ పడిపోతుంది, కాళ్ళు పిక్కలు పట్టేస్తాయి, మోతాదు మించితే గుండె కొట్టుకునే తీరు కూడా తప్పవచ్చు. నాలుగు రాత్రులు కడుపు మాడ్చుకున్న మనిషి ఆ మాత్ర వేసుకుంటే మెట్ల మీద కళ్ళు తిరగడంలో ఆశ్చర్యం లేదు. రెయిలింగు పట్టుకొని కూర్చోగలిగారు కాబట్టి సరిపోయింది.

ఇక మీ క్యాలెండరు. నిన్న రాత్రి పడుకోబోయే ముందు ఆ ఫొటోలు పెద్దవి చేసి చూస్తూ కూర్చున్నాను. మీ ఉత్తరంలో లేని ముఖ్యమైన విషయం ఆ పేజీల్లో ఉంది. కొన్ని తేదీల చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టారు: మే 24, జూన్ 19, జూలై 15, ఆగస్టు 10, సెప్టెంబర్ 5. మీకు సరిగ్గా 26 రోజులకొకసారి నెలసరి వస్తోంది. క్యాలెండరు నెలకేమో 30 లేదా 31 రోజులు. అందుకే మీ ఒకటో తారీఖు ప్రతి నెలా నాలుగైదు రోజులు ముందుకు జరిగిపోతోంది. నెలసరి మొదలైన రోజును ఒకటిగా లెక్కపెడితే జూన్ 1 మీకు తొమ్మిదో రోజు, జూలై 1 పదమూడో రోజు, ఆగస్టు 1 పద్దెనిమిదో రోజు, సెప్టెంబర్ 1 ఇరవై మూడో రోజు. అంటే ఒంట్లో నీరు తక్కువగా ఉన్న రోజుతో మొదలుపెట్టి, నీరు బాగా పట్టిన రోజుతో పోల్చారు.

నేను ఒక కాగితం తీసుకొని మీ అంకెల్లోంచి ఎనిమిదో రోజువి మాత్రమే ఏరి రాశాను. మే 31న 64.3. జూన్ 26న 63.7. జూలై 22న 63.2. ఆగస్టు 17న 62.8. ఆ నాలుగు అంకెలు ఒకదాని కింద ఒకటి రాసి మీరే చూడండి. కిలోన్నర తగ్గారు. నడిచిన ప్రతి ఉదయమూ లెక్కలోకి వచ్చింది. మీరు దాన్ని తప్పు రోజున వెతికారు.

ఆ ఆరు రోజుల్లో పెరిగిన కిలో మూడు వందల గ్రాముల గురించి చెబుతాను. ఒక కిలో కొవ్వు చేరాలంటే సుమారు 7,700 కేలరీలు మిగలాలి. మీరు పెరిగిన బరువంతా కొవ్వే అయితే పది వేల కేలరీలు మిగిలి ఉండాలి. మీ భాషలో చెప్పాలంటే, రోజూ తినే తిండి కాక దాదాపు మూడు కిలోల బియ్యం ఆరు రోజుల్లో అదనంగా వండుకు తిని ఉండాలి. మీరేమో అందులో నాలుగు రాత్రులు పస్తున్నారు. మిల్లుకు ధాన్యం వచ్చినప్పుడు తేమ చూసే యంత్రంతో చూస్తారు కదా? పదిహేడు శాతం దాటితే ఆరబెట్టి తెమ్మంటారు. వానకు తడిసిన బస్తా కాంటా మీద ఎక్కువే తూగుతుంది. గింజ పెరిగిందని ఏ మిల్లు గుమస్తా రాయడు. మీరూ రాయవద్దు.

నీరు ఎందుకు పడుతుంది? నెలసరి చక్రం మధ్యలో అండం విడుదలయ్యాక ప్రొజెస్టిరాన్ అనే హార్మోను పెరుగుతుంది, ఈస్ట్రోజెన్ అనే ఇంకో హార్మోను కూడా రెండోసారి లేస్తుంది. ఈ రెండింటి ప్రభావంతో ఉప్పును, నీటిని పట్టి ఉంచమని మూత్రపిండాలకు చెప్పే హార్మోన్లు ఎక్కువవుతాయి. ప్రొజెస్టిరాన్ పేగుల కదలికను కూడా మందగింపజేస్తుంది. అందుకే ఆ వారం కడుపు ఉబ్బరం, మలబద్ధకం. ఆకలి కొంచెం ఎక్కువవుతుంది, తొక్కు, అప్పడాల మీదికి మనసు పోతుంది, ఆ ఉప్పు ఇంకొంచెం నీటిని పట్టుకుంటుంది. నీరు ఎక్కువగా ఉండేది చాలామందిలో నెలసరి మొదలైన రోజునే. అప్పటికే హార్మోన్లు పడిపోయి ఉంటాయి కాబట్టి తర్వాతి మూడు నాలుగు రోజుల్లో మూత్రం రూపంలో అది దిగిపోతుంది. అర కిలో నుంచి రెండు కిలోల దాకా ఇలా ఎక్కి దిగడం మామూలే. కొందరిలో అసలు తెలియనే తెలియదు, అదీ మామూలే. చెడు రక్తం పోవడం వల్ల బరువు దిగుతుందని మా దగ్గరికి వచ్చేవాళ్ళు చాలామంది అంటారు. నెలసరి మొత్తంలో పోయే రక్తం మామూలుగా 30 నుంచి 80 మిల్లీలీటర్లు, ఒక చిన్న టీ గ్లాసుకు మించదు. అది చెడు రక్తమూ కాదు.

ఇదంతా నేను వైద్య కళాశాలలో చదవక ముందే చూశాను. నేను పాలమూరు వైపు పల్లెలో పుట్టాను. మా ఊరికి గాజుల మలారం ఎత్తుకొని ఒక పెద్దమ్మ వచ్చేది. అరుగు మీద కూర్చొని అమ్మ చేతిని తన రెండు అరచేతుల్లోకి తీసుకొని, బొటనవేలి మొదలు దగ్గర మెత్తగా నొక్కి చూసేది. అమ్మవి ఎప్పుడూ రెండు నాలుగు సైజు గాజులు. ఒకసారి అలా నొక్కి చూసి, గాజులు విప్పకుండానే మళ్ళీ కట్టేసింది. "చెయ్యి నీరు పట్టింది తల్లీ, ఈ వారంలో బయట చేరతావు. ఇప్పుడు రెండు ఆరు ఎక్కిస్తే పైవారం జారిపోతాయి. మళ్ళీ వస్తాలే" అంది. బేరం వదులుకొని వెళ్ళింది, పది రోజులకు వచ్చి రెండు నాలుగే తొడిగింది. ఇప్పటికీ నా దగ్గరికి వచ్చే ఆడపిల్లలను నేను మొదట అడిగేది అదే: ఆ వారం ఉంగరం బిగుస్తుందా, మెట్టెలు ఒరుసుకుంటున్నాయా, సాయంత్రానికి చెప్పుల పట్టీ గుర్తు పడుతోందా? తూకం యంత్రం లేని ఇంట్లో కూడా ఈ లెక్క తెలుస్తుంది.

నీళ్ళు తగ్గించవద్దు. తగ్గిస్తే వాపు పోదు, మలబద్ధకం పెరుగుతుంది, తలనొప్పి తోడవుతుంది. తగ్గించవలసింది ఉప్పు. రోజు మొత్తానికి అయిదు గ్రాములు, అంటే ఒక చెంచాడు, కూరలోది, తొక్కులోది, పెరుగన్నంలో కలుపుకునేది అన్నీ కలిపి. నెలసరికి ముందు వారం తొక్కు, అప్పడం, బజారు మిక్చరు పక్కన పెట్టి చూడండి, తేడా మీకే తెలుస్తుంది. మీ ప్రాంతంలో దొరికే బత్తాయిలు తినండి, రసం తీసి చక్కెర కలపకుండా తొనలే తినండి. ఆ వారం ఆకలేస్తే తినండి. రాత్రి మూడో రొట్టె, గిన్నెడు పప్పు తిన్నంత మాత్రాన మీ మూడు నెలల కష్టం ఎక్కడికీ పోదు. పస్తులుంటే మాత్రం వచ్చే నెల నడవడానికి ఓపిక ఉండదు. నడక మానవద్దు, నెలసరి రోజుల్లో కూడా ఒళ్ళు సహకరించినంత నడవవచ్చు.

తూకం ఎలా చూడాలంటారా? నిద్ర లేచి, మూత్రానికి వెళ్ళి వచ్చి, టీ తాగకముందు, ఒకే రకం బట్టలతో. యంత్రం ఎక్కడ పెడుతున్నారో కూడా చూసుకోండి. మన ఇళ్ళలో నేలకు తాండూరు బండలు ఉంటాయి. రెండు బండల అతుకు మీద యంత్రం పెడితే ఒక కాలు కిందికి దిగి అంకె మారిపోతుంది. మా ఇంట్లోనే ఒక బండ నుంచి పక్క బండ మీదికి జరిపితే నాలుగు వందల గ్రాములు తేడా వచ్చింది. ఒక బండ మధ్యలో సుద్దతో గుర్తు పెట్టుకొని రోజూ అక్కడే పెట్టండి. రోజూ చూసుకునే అలవాటుంటే ఏడు రోజుల సగటు తీసి, ఈ చక్రంలో రెండో వారం సగటును కిందటి చక్రంలో రెండో వారం సగటుతో పోల్చండి. అంత లెక్క వద్దనుకుంటే నెలసరికి ఒక్కసారి, ఎనిమిదో రోజున చూస్తే చాలు. కొందరికి నెలసరి ఒకసారి 26 రోజులకు, ఇంకోసారి 33 రోజులకు వస్తుంది. సాధారణంగా అలా ఎక్కువ తక్కువయ్యేది అండం విడుదలకు ముందు భాగమే, తర్వాతి భాగం రెండు వారాలకు అటూ ఇటూగా ఉంటుంది. కాబట్టి వాళ్ళు కూడా రక్తస్రావం తగ్గిన తర్వాత, అంటే నెలసరి మొదలైన రోజు నుంచి లెక్కపెడితే ఆరో రోజు నుంచి పదో రోజు లోపు, చూసిన తూకాన్నే నమ్ముకోవచ్చు.

ప్రతి వాపునూ నెలసరి ఖాతాలో వేయకూడదు. కాలి ఎముక మీద వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోవడం, పొద్దున లేవగానే ముఖం ఉబ్బి ఉండడం, ఆయాసం, నెలసరి అయిపోయాక కూడా దిగని బరువు ఉంటే మూత్ర పరీక్ష, బీపీ, థైరాయిడ్ పరీక్ష చేయించుకోవాలి. మూడు చక్రాల పాటు ఎనిమిదో రోజు బరువే పెరుగుతూ పోతే, నెలసరి 35 రోజులు దాటి వస్తుంటే అప్పుడూ అంతే. నెలసరి తప్పితే ముందు గర్భ పరీక్ష. మీకు ఇవేవీ కనబడడం లేదు. అయితే కళ్ళు తిరిగాయన్నారు కాబట్టి ఒక్కసారి హిమోగ్లోబిన్ చూపించుకోండి, 12 కన్నా తక్కువ ఉండకూడదు. సెప్టెంబర్ 12 మీకు ఎనిమిదో రోజు. ఆ నాటి అంకె నాకు రాయండి, ఎదురుచూస్తుంటాను.

ప్రశ్న: మాది నాగర్‌కర్నూల్ జిల్లా. మా పాప పదో తరగతి, హాస్టల్లో ఉంటుంది. ఎత్తు 157 సెంటీమీటర్లు, బరువు 47 కిలోలు. సెలవులకు ఇంటికి వస్తే రోజుకు నాలుగైదు సార్లు తూకం చూసుకుంటుంది. నెలసరికి ముందు బరువు పెరిగిందని మధ్యాహ్నం తినడం మానేస్తోంది. తిట్టినా వినడం లేదు. ఏం చేయాలి?
– ఒక తల్లి

జవాబు: మీ పాప బరువు ఎత్తుకు తగ్గట్టే ఉంది, ఒక్క కిలో కూడా తగ్గవలసిన పని లేదు. ఈ రోజే ఆ యంత్రాన్ని ఇంట్లోంచి తీసేయండి. పైన ఆ చెల్లెలికి రోజూ తూకం చూసుకున్నా ఫరవాలేదన్నాను, మీ పాపకు మాత్రం అది విషం. ఒక గ్లాసు నీళ్ళు తాగితే పావు కిలో పెరుగుతుంది, మూత్రానికి వెళ్తే తగ్గుతుంది. రోజుకు అయిదుసార్లు చూసుకునే పిల్ల ఆ నీళ్ళనే చూసి భయపడుతోంది. ఈడేరిన మొదటి సంవత్సరాల్లో నెలసరి 21 రోజులకూ రావచ్చు, 45 రోజులకూ రావచ్చు. నడుము, తొడల దగ్గర కండ, కొవ్వు చేరడం ఆ వయసుకు సహజం, అవసరం కూడా.

తిట్టవద్దమ్మా. పక్కన కూర్చోబెట్టుకొని, బరువు గురించి ఎవరు ఏమన్నారో నిదానంగా అడగండి. ఇలాంటి పిల్లలు నా దగ్గరికి వచ్చినప్పుడు తల్లిని కాసేపు బయట కూర్చోమంటాను. అప్పుడు ఏదో ఒక మాట బయటికి వస్తుంది, ఎక్కువగా ఇంట్లోవాళ్ళు నవ్వులాటకు అన్న మాటే. ఇంట్లో ఎవరూ లావు, సన్నం అనే మాటలు ఎత్తవద్దని అందరికీ గట్టిగా చెప్పండి. బడిలో వారానికి ఒకటి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్ర అన్నం తిన్నాక వేసుకుంటోందో లేదో కనుక్కోండి. నెలసరి మూడు నెలలు రాకపోయినా, తిన్నది కావాలని కక్కుతున్నట్టు అనిపించినా, తల తిరిగి పడిపోయినా పదో తరగతి పరీక్షలు అయ్యేదాకా ఆగకుండా డాక్టరు దగ్గరికి తీసుకురండి.

ప్రశ్న: దేవరకొండ నుంచి రాస్తున్నాను. వయసు 43. పిల్లలు కాకుండా ఆపరేషన్ చేయించుకొని పదిహేనేళ్ళయింది. అప్పుడు 52 కిలోలు, ఇప్పుడు 68. ఆపరేషన్ వల్లే నీరు పట్టి లావయ్యానని అందరూ అంటున్నారు. ఈ మధ్య నెలసరి 45 రోజులకు గానీ రావడం లేదు.

జవాబు: ఆ ఆపరేషన్‌లో అండం నడిచే గొట్టాలను మూసేస్తారు, అంతే. అండాశయాలు యథాప్రకారం పనిచేస్తాయి, హార్మోన్లు మారవు, నీరూ పట్టదు. నెలసరి నీరు నెలకే దిగిపోతుంది, పదిహేనేళ్ళు నిలవ ఉండదు. మీరు చూడవలసింది ఈ 45 రోజుల సంగతి. మీ వయసులో నెలసరి ఆగిపోయే దశ మొదలై ఉండవచ్చు, థైరాయిడ్ మందగించి ఉండవచ్చు. బొడ్డు దగ్గర టేపుతో నడుము కొలుచుకోండి, 80 సెంటీమీటర్లు దాటితే షుగరు, కొలెస్టరాల్ కూడా చూపించుకోవాలి. ఏదో ఒక ఉదయం ఏమీ తినకుండా పరగడుపున బయలుదేరి వెళ్తే ఒకే రక్తపు నమూనాతో ఈ పరీక్షలన్నీ అయిపోతాయి.