“నెలసరి నొప్పికి చందాలేంటి?” అంటారేమో!

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో మూడు ఒకే జబ్బు మీద ఉన్నాయి: ఎండోమెట్రియోసిస్, అంటే గర్భసంచి లోపలి పొర లాంటిదే బయట పెరగడం. ఒకరు డబ్బు అడగలేక, ఒకరు ఇవ్వడం ఎలాగో తెలియక, మూడో ఆవిడ తీసుకున్నాక నిద్రపట్టక రాశారు. మొదటిదానికి జవాబు పొడుగైంది, ఏమనుకోకండి.

అక్కా, నాకు 29 ఏళ్లు. ప్రైవేట్ స్కూల్లో టీచర్‌ని, జీతం 14 వేలు. మా ఆయనది మోటార్ వైండింగ్ షాపు. పెద్దమనిషి అయిన రెండో ఏడు నుంచీ నెలసరి అంటే నాకు నరకమే. పెళ్లయితే తగ్గుతుందన్నారు. పెళ్లయి నాలుగేళ్లు, ఇప్పుడు ఆ రోజుల్లో బాత్రూమ్‌కి వెళ్లాలంటేనే భయం, లోపల కత్తితో కోసినట్టుంటుంది. గ్యాస్ అన్నారు, పైల్స్ అన్నారు, అపెండిక్స్ అన్నారు. చివరికి హైదరాబాద్‌లో ఎమ్మారై తీస్తే ఎండోమెట్రియోసిస్, నాలుగో స్టేజీ అని తేలింది. రెండు అండాశయాల్లోనూ చాక్లెట్ సిస్టులు (పాత రక్తం నిండిన తిత్తులు), పేగు వచ్చి గర్భసంచికి అతుక్కుంది, ఎడమ కిడ్నీకి కొంచెం వాపు. లాప్రోస్కోపీ చేసే గైనిక్ సర్జన్‌తో పాటు పేగుల సర్జన్, యూరాలజిస్టు కూడా ఉండాలట. ఎస్టిమేట్ 4,60,000. ఇన్సూరెన్స్ తీసుకుని 14 నెలలే అయింది, ఈ జబ్బుకి రెండేళ్లు ఆగాలని కంపెనీ వాళ్లు ఒప్పుకోలేదు. చీటీ పాడితే 1,10,000 వస్తాయి, గొలుసు మీద 80,000. ఇంక అడగడమే. టెన్త్ బ్యాచ్ గ్రూపులో పెడదామని మూడుసార్లు టైప్ చేసి చెరిపేశాను. మగపిల్లలుంటారు, ఏమని రాయను? మా అత్తమ్మేమో “ఇంత ఖర్చెందుకు, గర్భసంచి తీయించెయ్, పీడ పోతది” అంటోంది. నాకు పిల్లలు కావాలి అక్కా.
– పేరు వద్దు, ఖమ్మం జిల్లా

చెల్లీ, డబ్బు సంగతి తర్వాత, ముందు ఆ ఎడమ కిడ్నీ. నువ్వు దాన్ని ఉత్తరంలో చాక్లెట్ సిస్టుల వెనక ఎక్కడో పెట్టావు గానీ నాకు ముందు కనపడింది అదే. కిడ్నీ నుంచి మూత్రాశయానికి వెళ్లే నాళాన్ని ఈ జబ్బు బయటి నుంచి నొక్కేస్తే మూత్రం కిందికి దిగక కిడ్నీ వాస్తుంది, దానికి వేరే నొప్పంటూ ఉండకపోవచ్చు కూడా, అందుకే చాలామంది ఆలస్యంగా చూసుకుంటారు. డబ్బు సమకూరేదాకా ఆగొచ్చా, ఈలోపు ఆ నాళంలో స్టెంట్ వెయ్యాలా, ఎన్నాళ్లకోసారి స్కాన్ తియ్యాలి అని డాక్టర్ని అడిగి కాగితం మీద రాయించుకో. రేపే అడుగు. నీకు రెండు నెలలుందా, రెండు వారాలుందా అన్నది తెలిస్తే గానీ ఎవర్ని ఎలా అడగాలో తేలదు.

ఇక మీ అత్తమ్మ మాట. ఆమెను తప్పుపట్టను, ఆమె చుట్టూ అందరూ అదే చేశారు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్లలోపే గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్లు దేశం మొత్తమ్మీద 3.2 శాతమైతే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. మన దగ్గర కడుపులో ఏ నొప్పి వచ్చినా చివరికి దాని మీదికే పోతుంది. కానీ నీ జబ్బు పేగు మీదా, మూత్రనాళం పక్కనా ఉంది గదా, గర్భసంచి తీసేసి అవి వదిలేస్తే నొప్పీ అక్కడే ఉంటుంది, కిడ్నీ గొడవా అక్కడే ఉంటుంది, పిల్లల ఆశ మాత్రం పోతుంది. వచ్చేసారి డాక్టర్ దగ్గరికి అత్తమ్మనే తీసుకెళ్లు, ఎమ్మారై చూపించి ఈ ముక్క డాక్టర్ చేతే చెప్పించు. నువ్వు చెబితే కోడలి మాట, డాక్టర్ చెబితే వేరే. ఇంకోటి, సిస్టులు ఒలిచేటప్పుడు అండాశయంలో గుడ్ల నిల్వ కొంత తగ్గొచ్చు, కాబట్టి ఆపరేషన్‌కి ముందు ఆ నిల్వ ఎంతుందో చెప్పే ఏఎంహెచ్ రక్తపరీక్ష చేయించాలా, గుడ్లు దాచిపెట్టించుకోవాలా అన్నది ఇప్పుడే మాట్లాడుకోండి, అది మళ్లీ వేరే ఖర్చు.

ఎస్టిమేట్ కాగితం ఒకే అంకెతో ఇచ్చారా? అయితే వెనక్కి తీసుకెళ్లి విడగొట్టి రాయమను. సర్జన్ల ఫీజు ఎంత, థియేటర్ ఎంత, గది ఎన్ని రోజులకి, ఐసీయూ కలిపారా లేదా, బయాప్సీ, స్టెంట్ వేస్తే తర్వాత దాన్ని తీయడానికి ఎంత. అన్నిటికంటే ముఖ్యం స్టేప్లర్. పేగు మీద పైపైన ఉన్నది చెక్కి తీస్తే దాని అవసరం ఉండదు, పేగు ముక్క కోసి మళ్లీ అతకాల్సి వస్తే మాత్రం వాడతారు, బిల్లు పెరిగేది అక్కడే. లోపలికి చూసేదాకా వాళ్లకైనా కచ్చితంగా తెలియదు, అందుకని తక్కువలో తక్కువ ఎంత, ఎక్కువలో ఎక్కువ ఎంత అని రెండు అంకెలు అడుగు. లేకపోతే 4,60,000 అని ఊరందరికీ చెప్పి, డిశ్చార్జ్ రోజు ఇంకో 90 వేలు కట్టమంటే మళ్లీ అదే గ్రూపులో అడగడం ఉంటుంది చూడు, అది మొదటిసారి అడగడం కంటే కష్టం.

జనాన్ని అడిగే ముందు తట్టాల్సిన తలుపులు కొన్ని ఉన్నాయి. నీ జీతం స్లిప్పులో ఈఎస్‌ఐ కోత ఉందా చూడు. నెలకు 21 వేల లోపు జీతానికి అది వర్తిస్తుంది, కోస్తూ ఉంటే సనత్‌నగర్ ఈఎస్‌ఐ ఆస్పత్రి దాకా దారి ఉన్నట్టే. రేషన్ కార్డు ఉందో లేదో రాయలేదు, ఉంటే ఆరోగ్యశ్రీ సంగతి అడుగు, తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి ఏడాదికి కుటుంబానికి 10 లక్షల దాకా పెంచారు. అయితే “ఎండోమెట్రియోసిస్ ఉందా?” అని కౌంటర్లో అడిగితే లేదనే అనొచ్చు, వాళ్ల జాబితా ఆపరేషన్ల పేర్లతో ఉంటుంది. డాక్టర్ రాసిన ఆపరేషన్ పేరు ఆస్పత్రిలో ఆరోగ్యశ్రీ పనులు చూసే ఆరోగ్య మిత్రకి చూపించి అడుగు. ముఖ్యమంత్రి సహాయ నిధికి మీ ఎమ్మెల్యే ఆఫీసు నుంచి దరఖాస్తు పెట్టొచ్చు. ఆపరేషన్‌కి ముందే ఆస్పత్రికి ఇచ్చే హామీ పత్రాన్ని ఎల్‌ఓసీ అంటారు, అది ఎక్కువగా నిమ్స్ లాంటి చోట్లకే ఇస్తారు, ప్రైవేట్‌లో చేయించుకుంటే బిల్లులు పెట్టి తర్వాత తెచ్చుకోవాలి, కట్టిందంతా వస్తుందనుకోకు. ఒరిజినల్ బిల్లులు ఎవరికీ ఊరికే ఇవ్వకు. నిమ్స్‌లోనో, బీబీనగర్ ఎయిమ్స్‌లోనో ఒకసారి రెండో అభిప్రాయం కూడా తీసుకో, వరుస పొడుగ్గా ఉండొచ్చు గానీ ఆ ఎమ్మారై సీడీ పట్టుకెళ్లడానికి పోయేది ఒక రోజే. ఇలాంటి ఆపరేషన్లు ఈ ఏడాదిలో ఎన్ని చేశారు, పేగుల సర్జన్ అదే రోజు థియేటర్లో ఉంటారా, జబ్బును పైపైన కాలుస్తారా, మూలంతో సహా కోసి తీస్తారా అని ఏ డాక్టర్నైనా మొహమాటం లేకుండా అడుగు.

ఇప్పుడు అసలు సంగతి. నువ్వు మూడుసార్లు చెరిపేసిన ఆ మెసేజ్.

జిల్లా పేపర్లో చూస్తుంటాం కదా, “పూర్వ విద్యార్థుల ఆర్థిక సాయం” అని ఫొటో, పదిమంది నిలబడి ఒక కవరు పట్టుకుని ఉంటారు. యాక్సిడెంట్ అయినవాళ్లకి, గుండె ఆపరేషన్‌కి, క్యాన్సర్‌కి. ఇన్నేళ్లలో గర్భసంచి చుట్టూ వచ్చే జబ్బుకి అలాంటి ఫొటో నేనొక్కటీ చూడలేదు. జబ్బు లేకనా? ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో పునరుత్పత్తి వయసులో ఉన్న ఆడవాళ్లలో సుమారు పది శాతం మందికి ఇది ఉంది, అంటే 19 కోట్ల మంది. మీ బ్యాచ్‌లో ఇరవై మంది ఆడపిల్లలుంటే నువ్వు కాక ఇంకొకతి ఉండే అవకాశం బాగా ఉంది, ఆమె కూడా స్కూలుకి “జ్వరం” అని లీవు చీటీ రాసి పంపినదే.

నువ్వు “నెలసరి నొప్పికి సాయం చేయండి” అని రాస్తున్నావు, అందుకే టైప్ చేసే వేలు ఆగిపోతోంది. నీకున్నది నెలసరి నొప్పి ఒక్కటే అయితే ఇంతమంది సర్జన్లు ఎందుకు? ఏ అవయవానికి ఏమైందో అది రాయి. నేనైతే ఇలా రాస్తాను:

“అందరికీ నమస్తే. నాకు ఎండోమెట్రియోసిస్ అనే జబ్బు. గర్భసంచి లోపల ఉండే పొర లాంటిదే బయట పెరిగి పేగునీ, మూత్రనాళాన్నీ అతికించేసింది. ఎడమ కిడ్నీకి వాపు మొదలైంది. ఆపరేషన్‌కి ఆస్పత్రి ఎస్టిమేట్ 4,60,000. మా దగ్గర 1,90,000 ఉన్నాయి, 2,70,000 తక్కువ. డబ్బు నాకొద్దు, ఆస్పత్రి ఖాతాలోనే నా పేషెంట్ నంబర్ మీద కట్టండి. రిపోర్టులు మన ఫలానా దగ్గర ఉన్నాయి, లెక్క తనే చూస్తుంది, నాకు కాకుండా తనకి ఫోన్ చేయండి. ఇవ్వలేకపోతే ఏం ఫర్వాలేదు, ఓ నెగటివ్ గ్రూప్ రక్తం ఎవరికైనా ఉంటే చెప్పండి.”

రక్తం గ్రూపు నీది రాసుకో. చూశావా, ఇందులో మగపిల్లల ముందు తలదించుకునే మాట ఒక్కటన్నా ఉందా?

ఆ “ఫలానా” ఎవరో ముందే తేల్చుకో. నొప్పితో మెలికలు తిరుగుతూ “ఎంత వచ్చింది, ఎవరు వేశారు” అని నువ్వు లెక్క చూడలేవు. ఇంట్లో మనిషి కాకుండా క్లాసులో లెక్కల నోట్సు నీట్‌గా రాసే పిల్ల ఒకతి ఉంటుంది కదా, ఆ పిల్లని అడుగు. గ్రూపులో పెట్టేముందు దగ్గరివాళ్లకి ఎనిమిది, పదిమందికి ఫోన్ చేసి చెప్పండి, వాళ్లు ముందు కడితే మిగతావాళ్లు కదులుతారు. ఖాళీ హుండీలో మొదటి రూపాయి వెయ్యడానికి అందరూ జంకుతారు.

కెట్టో, మిలాప్ లాంటి ఆన్‌లైన్ చందాల సైట్లలో పెట్టినా ఆస్పత్రి ఖాతాకే డబ్బు పంపే ఏర్పాటు ఉంటుంది. డబ్బు కట్టే పేజీలో “టిప్” అని కొంత ముందే కలిపి ఉండొచ్చు, దాన్ని తగ్గించుకోవచ్చని మీవాళ్లకి చెప్పు. రిపోర్టు పెట్టేటప్పుడు ఆధార్, ఫోన్ నంబర్, ఇంటి అడ్రస్ నల్లగా కొట్టేసి పెట్టు. ఒకరి ఫొటో, రిపోర్టు ఎత్తుకుని కింద తమ స్కానర్ పెట్టుకునే ఘనులున్నారు. నీ సొంత ఖాతాకి వస్తే మాత్రం చిక్కుంది: బంధువులు కానివాళ్ల నుంచి ఏడాదిలో మొత్తం 50 వేలు దాటితే ఆ డబ్బంతా పన్ను లెక్కలోకి వస్తుంది. చేతికి నగదు తీసుకుంటే ఇంకో తలనొప్పి, ఆస్పత్రులు రెండు లక్షలు, ఆపైన నగదుగా తీసుకోకూడదు.

కవరు ఇస్తాం, ఫొటో దిగుదాం అంటే? ఇష్టమైతే దిగు, లేకపోతే “ఆపరేషన్ అయ్యాక అందరం కలిసి దిగుదాం” అని చెప్పు. డబ్బిచ్చినంత మాత్రాన నీ ఫొటో స్టేటస్‌లో పెట్టుకునే హక్కు ఎవరికీ రాదు.

మా చిన్నాన్న కూతురికి ఇదే ఆపరేషన్, విజయవాడలో. నేను డాలస్ నుంచి మూడు లక్షలు పంపుదామనుకుంటున్నాను. చెల్లెలే కదా, పన్ను సమస్య ఉండదు కదండీ? డబ్బు దానికే ఖర్చవుతుందని ఎలా తెలుస్తుంది? అడిగితే బాధపడతారేమో.
– ఒక అన్న

చిన్నాన్న కూతురు మనకి చెల్లెలే, ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్లకి మాత్రం కాదు. వాళ్ల జాబితాలో తోడబుట్టినవాళ్లు ఉన్నారు, అమ్మానాన్నల తోడబుట్టినవాళ్లు ఉన్నారు, వాళ్ల పిల్లలు లేరు. అంటే మీ నాన్నగారు ఇస్తే ఆ అమ్మాయికి పెదనాన్న ఇచ్చినట్టు, పన్ను లేదు, మీరిస్తే ఉంది. తమాషాగా ఉంది కదా! ఒకసారి ఆడిటర్‌తో మాట్లాడి, మీ నాన్నగారి ద్వారా వెళ్లాలా, నేరుగా ఆస్పత్రికి కట్టాలా తేల్చుకోండి.

రెండోదానికి, “ఆస్పత్రి ఖాతా నంబర్, పేషెంట్ నంబర్ పంపమ్మా, అక్కడే కట్టేస్తా” అనండి. అందులో అనుమానం వినపడదు, అడిగినట్టూ ఉండదు, రసీదు మీ చేతికే వస్తుంది. మొత్తం ఒకేసారి కట్టకండి. సగం అడ్మిషన్ అప్పుడు, సగం డిశ్చార్జ్ రోజు. ఆరు వారాలు ఆ అమ్మాయి ఉద్యోగానికి వెళ్లలేకపోవచ్చు, ఎవరూ లెక్కెయ్యని ఖర్చు అదే, వీలైతే ఇంటి అద్దె ఒక నెల మీరు కట్టండి.

రెండేళ్ల కిందట మా ఆఫీసువాళ్లు, కాలనీవాళ్లు వేసుకున్న డబ్బుతో నాకు ఎండోమెట్రియోసిస్ ఆపరేషన్ అయింది. ఏడాదిన్నర బాగున్నాను. ఇప్పుడు మళ్లీ నొప్పి. ఎవరికీ చెప్పలేదు. ఎదురుపడితే “ఇప్పుడు బాగుందా?” అంటారు, బాగుందనే అంటున్నాను. వాళ్ల డబ్బు వృథా చేసినట్టుంది.
– విజయనగరం నుంచి ఒక పాఠకురాలు

ఏడాదిన్నర మీరు నొప్పి లేకుండా నిద్రపోయారు, దాన్ని వృథా అంటారేమిటండీ! ఈ జబ్బు బాగా చేసిన ఆపరేషన్ తర్వాత కూడా కొందరికి తిరిగి వస్తుంది, అందుకే పిల్లల కోసం వెంటనే ప్రయత్నించనివాళ్లకి ఆపరేషన్ అయ్యాక డైనోజెస్ట్ లాంటి హార్మోన్ మాత్రలు కొనసాగించమంటారు. మీకు రాశారా, మధ్యలో మానేశారా? బీరువాలోంచి డిశ్చార్జ్ సమ్మరీ, బయాప్సీ రిపోర్టు తీసి చూడండి, ఎక్కడెక్కడ తీశారు, ఎక్కడ వదిలేశారు అన్నది అందులో ఉంటుంది. అవి పట్టుకుని వెళ్లండి. తిరిగొచ్చిన నొప్పల్లా అదే జబ్బు కానక్కర్లేదు, గర్భసంచి లోపలి పొర లాంటిదే దాని గోడలోకి పెరిగే అడినోమయోసిస్ ఉన్నా వస్తుంది, ఏళ్ల తరబడి బిగుసుకుపోయిన పొత్తికడుపు కండరాల వల్లా వస్తుంది, దానికి ఫిజియోథెరపీ ఉంది. వెంటనే మళ్లీ కోత అని ఎవరైనా అంటే ఇంకొకరికి కూడా చూపించండి.

“బాగుందా?” అని అడిగేవాళ్లకి అబద్ధం చెప్పడం ఆపండి, రోజూ చెప్పాలంటే అదో టెన్షన్. “మళ్లీ కొంచెం మొదలైంది, స్కాన్‌కి వెళ్తున్నా” అనండి చాలు. డబ్బేమీ అక్కర్లేదని కూడా అదే ఊపులో చెప్పేయండి, లేకపోతే మీ కాలనీవాళ్ల తీరు చూస్తే ఎవరో ఒకరు అక్కడికక్కడే ఫోన్‌పే తీసేలా ఉన్నారు.