అవ్వను అరవమనొద్దు, మైకు దగ్గరికి జరుపు

కడప

అబ్బీ,

నువ్వు పంపిన రికార్డింగు విన్నా. దంపుడు పాటలో సగం మాటలు వినపడలేదు గానీ, మధ్యలో "ఇంకొంచెం గట్టిగా పాడవ్వా" అని నువ్వు అరిచింది మాత్రం శుభ్రంగా పడింది. ఆ వయసు మనిషిని అరవమనొద్దురా. తప్పు మా అమ్మ గొంతులో లేదు.

ముందు సీపీయూ వెనక్కి చూడు. మైకు పిన్ను గులాబీ రంగు రంధ్రంలోనే ఉండాలి. నీలం రంగుది లైన్ ఇన్, అంటే టేప్‌రికార్డర్ లాంటివి తగిలించేది. అందులో పెడితే శబ్దం వచ్చీరానట్టు ఉంటుంది. నేనొకసారి ఆ సంగతి తెలియక రెండు రోజులు కంప్యూటర్‌ను తిట్టుకున్నా.

తర్వాత సౌండ్ సెట్టింగ్స్‌లో ఇన్‌పుట్ కింద ఏ మైకు ఉందో చూడు. వెబ్‌క్యామ్ తగిలించి ఉంటే ఒక్కోసారి విండోస్ దాని మైకునే పట్టుకుంటుంది. అనుమానముంటే నీ మైకును గోటితో గీకు. తెరమీద పట్టీ ఎగరలేదంటే రికార్డు చేస్తున్నది వేరే మైకే.

అదీ సరిగ్గానే ఉంటే, పాత కంట్రోల్ ప్యానెల్‌లో సౌండ్, రికార్డింగ్, మైకు ప్రాపర్టీస్, లెవెల్స్. మైక్రోఫోన్ 80 దాకా పెంచు. దాని కింద బూస్ట్ ఉంటే 10 డెసిబెల్స్ చాలు, మరీ కాకపోతే 20. ముప్పై పెట్టావంటే పాటకన్నా ఫ్యాను మోతే ముందు వినపడుతుంది. యూఎస్‌బీ మైకుకు ఈ బూస్ట్ చాలావరకు కనపడదు, దానికోసం వెతుక్కోవద్దు.

నన్నడిగితే వీటన్నిటికన్నా దూరమే ముఖ్యం. మైకు బల్లమీద, అవ్వ మంచంమీద అయితే ఎట్లా? దూరం సగానికి తగ్గిన ప్రతిసారీ గొంతు ఇంచుమించు 6 డెసిబెల్స్ పెరుగుతుంది. రెండడుగుల నుంచి అరడుగుకు తెస్తే 12. బూస్ట్ అయితే ఫ్యాను మోతను కూడా పెంచుతుంది, ఇది పెంచదు. నోటికి జానెడు దూరంలో, ఊపిరి తగలకుండా కాస్త పక్కకు పెట్టు.

మన కడప ఎండల్లో పగలు ఫ్యాను ఆపమంటే పాపం తగులుతుంది. తెల్లారి ఐదింటికి కూర్చోబెట్టు, ఆమె ఎట్లాగూ లేచే ఉంటుంది. గోడకు బొంత వేలాడదీస్తే గది మారుమోగదు.

రికార్డు చేసే ఆడాసిటీ సాఫ్ట్‌వేర్‌లో శబ్దం చూపే మీటరు మైనస్ 12కూ మైనస్ 6 డెసిబెల్స్‌కూ మధ్య ఆడితే బాగుంటుంది. సున్నాను తాకితే గొంతు పగిలిపోతుంది, దాన్ని మళ్లీ అతికించలేం. కొంచెం తక్కువగా పడితే యాంప్లిఫైతో తర్వాత పెంచుకోవచ్చు.

ఇప్పుడు పంపిన దాన్ని మాత్రం చెరిపేయొద్దు. చివర్లో పాట మరిచిపోయి నవ్వింది చూడు, అది నాకు కావాలి.

మీ చిన్నాయన