పాప మానవ పరిణామం చదువుతానంటోంది, చదివించాలా?

పన్నెండో తరగతి చదువుతున్న మీ పాప మెడిసిన్ వద్దు, మనిషి ఎలా పుట్టాడో, సమాజాలు ఎలా ఏర్పడ్డాయో అదే చదువుతానని పట్టుబట్టిందని రాశారు. అసలది సైన్సా, ఆర్ట్సా, చదివాక ఉద్యోగం వస్తుందా అని అడిగారు. మీ టెన్షన్ నాకు అర్థమైంది అమ్మా. పాప కోరుకుంటున్నది మంచి చదువే. కాకపోతే ఇష్టం ఒక్కటే పట్టుకుని, చేతిలో ఏ నైపుణ్యమూ లేకుండా అందులోకి వెళ్తే తర్వాత చాలా ఇబ్బంది పడుతుంది. అందుకే ఆ నైపుణ్యం సంగతి కూడా చెబుతాను.

పాప చెప్పే సబ్జెక్టు పేరు ఆంత్రోపాలజీ, అంటే మానవ శాస్త్రం. సైన్సా, ఆర్ట్సా అంటే నిజంగానే రెండూ. పాల సంగతే తీసుకోండి. పాలలోని చక్కెరను అరిగించే లాక్టేజ్ అనే ఎంజైమ్ క్షీరదాల్లో తల్లిపాలు మానేశాక తగ్గిపోతుంది, మనుషుల్లోనూ పెద్దయ్యాక ఎక్కువ మందికి అంతే. కానీ పశువులను పెంచడం అలవాటైన కొన్ని జనసమూహాల్లో, పెద్దయ్యాక కూడా ఆ ఎంజైమ్ తయారయ్యేలా చేసే జన్యుమార్పులు తరతరాలుగా వ్యాపించాయి, అదీ యూరప్‌లో ఒక మార్పు, తూర్పు ఆఫ్రికాలో దానితో సంబంధం లేని వేరే మార్పులు. పశువులను మచ్చిక చేసుకోవడం సమాజం చేసిన పని, దానివల్ల మారింది శరీరం. తూర్పు ఆఫ్రికా మార్పులను 2007లో వెల్లడించిన బృందానికి నాయకత్వం వహించిన సారా టిష్కాఫ్ అనే శాస్త్రవేత్త డిగ్రీలో ఆంత్రోపాలజీ, జెనెటిక్స్ (జన్యుశాస్త్రం) రెండూ చదివారు. ఒక్కటే చదివి ఉంటే ఆ ప్రశ్నే తట్టేది కాదేమో.

ఇంకో ఉదాహరణ. మన జాతిలో ఆడవాళ్లు పిల్లలు పుట్టే వయసు దాటాక కూడా చాలా ఏళ్లు బతుకుతారు, ఎందుకు? టాంజానియాలో వేట, దుంపల సేకరణ మీద బతికే హడ్జా ప్రజలతో పనిచేసిన ఆంత్రోపాలజిస్టు క్రిస్టెన్ హాక్స్, ఆమె సహచరులు అక్కడి అమ్మమ్మలు గంటల తరబడి దుంపలు తవ్వి మనవలకు పెట్టడం గమనించారు, అలా పెంపకంలో చేయి కలపడం వల్లే ఈ దీర్ఘాయుష్షు వచ్చి ఉంటుందని ప్రతిపాదించారు. అందరూ ఒప్పుకోలేదు, వాదన ఇంకా నడుస్తోంది. నాకు మాత్రం ఈ రంగంలో అన్నిటికంటే ఇష్టమైన ప్రశ్న ఇదే, దీనికి జవాబు వెతకాలంటే ఎముకలూ కావాలి, జనాభా లెక్కలూ కావాలి, ఆ మనుషుల మధ్య కూర్చుని గమనించే ఓపికా కావాలి.

మెడిసిన్ గురించి. మీరు దాన్ని పాప కోరికకు ఎదురుగా నిలబెట్టి చూస్తున్నారు, ఆ అవసరం లేదు. 1925లో టాంగ్ చైల్డ్ అనే శిలాజాన్ని, అంటే మనిషికి దగ్గరి ఒక ప్రాచీన జాతి పిల్లవాడి పుర్రెను, ప్రపంచానికి పరిచయం చేసిన రేమండ్ డార్ట్ జొహన్నెస్‌బర్గ్‌లో అనాటమీ ప్రొఫెసర్, అంటే మెడిసిన్‌లో చదివే శరీర నిర్మాణ శాస్త్రం చెప్పేవాడు. అంతరించిపోయిన మన దగ్గరి బంధు జాతి నియాండర్తాల్‌ల జీనోమ్‌ను (మొత్తం జన్యు సమాచారాన్ని) చదివిన స్వాంటే పాబోకు 2022లో వచ్చింది వైద్యశాస్త్రంలో నోబెల్. ఆయన ముందు ఈజిప్టు చరిత్ర వైపు వెళ్లి, తర్వాత మెడిసిన్‌లో చేరి, ఆ రెండు ఇష్టాలూ కలిసేచోట మమ్మీల నుంచి డీఎన్‌ఏ తీసే ప్రయత్నం మొదలుపెట్టాడు. 2020లో ఆయనా, హ్యూగో జెబెర్గ్ అనే మరో శాస్త్రవేత్తా కలిసి చూపించింది ఏమిటంటే, కోవిడ్ తీవ్రంగా వచ్చే ప్రమాదాన్ని పెంచే ఒక జన్యుభాగం మనకు నియాండర్తాల్‌ల నుంచే వచ్చిందని. అంటే ఇది ఈరోజు ఆసుపత్రిలో మంచం మీద ఉన్న రోగికి కూడా సంబంధించిన చదువు. అయినా మెడిసిన్ మీద మనసు లేని పిల్లను బలవంతంగా అందులో వేయకండి, అన్నేళ్లు ఇష్టం లేకుండా చదవడం చిన్న విషయం కాదు.

ఉద్యోగాల సంగతి ఉన్నది ఉన్నట్టు చెబుతాను. టీవీలో చూపించినట్టు ఎడారిలో తవ్వి పుర్రె బయటికి తీసే ఉద్యోగాలు ప్రపంచం మొత్తం మీద చాలా తక్కువ. యూనివర్సిటీలో స్థిరమైన పోస్టు కావాలంటే మాస్టర్స్, పీహెచ్‌డీ, ఆ తర్వాత చాలా మందికి పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ అయ్యాక చేసే తాత్కాలిక పరిశోధన ఉద్యోగం), ఇంతా చేసి ఒక్కో పోస్టుకు గట్టి పోటీ. అందరికీ రాదు. ఈ మాట పాపకు ఇప్పుడే తెలియాలి. అయితే అదే చదువుతో వెళ్లే దారులు వేరే ఉన్నాయి: మ్యూజియంలు, ప్రజారోగ్యం, జెనెటిక్స్ ల్యాబ్‌లు, మనిషి కొలతలను బట్టి సీట్లు, హెల్మెట్లు డిజైన్ చేసే పని, కంపెనీల్లో జనం వస్తువులను ఎలా వాడుతున్నారో పరిశీలించే పని. ఫోరెన్సిక్ ఆంత్రోపాలజీ, అంటే ఎముకలను బట్టి చనిపోయినవాళ్లెవరో గుర్తించే పని, దాని గురించి మాత్రం కాస్త ఎక్కువ చెప్పాలి. 1984లో అర్జెంటీనాలో, సైనిక పాలన కాలంలో మాయమైనవాళ్ల అవశేషాలను గుర్తించడానికి క్లైడ్ స్నో అనే అమెరికన్ నిపుణుడు కొందరు విద్యార్థులకు శిక్షణ ఇచ్చాడు. ఎముకలను బట్టి వయసు, ఎత్తు, ఆడా మగా, గాయాలు చెప్పడం నేర్చుకున్న ఆ పిల్లలే ఒక సంస్థగా ఏర్పడి, ఎన్నో కుటుంబాలకు తమవాళ్లు ఏమయ్యారో తెలియజేశారు. లక్షల ఏళ్ల నాటి శిలాజాన్ని చదివే విద్య ఇదే.

ఇక్కడి నుంచి పాపకు చదివి వినిపించండి. చూడు తల్లీ, "నాకు మానవ పరిణామం ఇష్టం" అంటే సరిపోదు, దాన్ని ఏ పనిముట్టుతో చదువుతావో తేల్చుకో. అనాటమీయా, జెనెటిక్సా, రాతి పనిముట్లా, జనంతో మాట్లాడి రాసుకునే ఫీల్డ్‌వర్కా? ఏది ఎంచుకున్నా స్టాటిస్టిక్స్, కొంచెం కోడింగ్ తప్పనిసరి, ఆర్ (R) గానీ పైథాన్ గానీ, ఏదో ఒక ప్రోగ్రామింగ్ భాష నేర్చుకో. రేపు ఈ రంగం వదిలి వేరే దానిలోకి వెళ్లాల్సి వచ్చినా అన్నం పెట్టేవి అవే. ఈలోపు ఖర్చు లేకుండా నీ ఇష్టాన్ని పరీక్షించుకో. అమెరికాలోని స్మిత్సోనియన్ మ్యూజియం వాళ్ల మానవ మూలాల వెబ్‌సైట్‌లో శిలాజాల 3డీ నమూనాలు ఉన్నాయి, దక్షిణాఫ్రికా గుహలో దొరికిన హోమో నలేడి అనే అంతరించిన మానవ జాతి ఎముకల స్కాన్‌లు మార్ఫోసోర్స్ అనే వెబ్‌సైట్‌లో ఉన్నాయి. ఒక దవడ తెరిచి మనిషి దవడకూ దానికీ తేడాలు రాసుకో. నాలుగు ఆదివారాలు వరసగా అదే పని చేసినా విసుగు రాలేదంటే అప్పుడు గట్టిగా అడుగు ఇంట్లో.

మళ్లీ మీకే అమ్మా. మనిషి కోతి నుంచి వచ్చాడని చెప్పుకోవడానికి డిగ్రీ దేనికని మీ బంధువు ఒకాయన అన్నారని రాశారు. ఈ శాస్త్రం ఆ మాట చెప్పదు. మనకూ చింపాంజీలకూ సుమారు 60, 70 లక్షల ఏళ్ల కిందట ఒకే పూర్వీకులు ఉండేవారని, అక్కడి నుంచి రెండు దారులు విడిపోయాయని చెబుతుంది. ఈ తేడా పాపే ఆయనకు వివరించనివ్వండి, ఎంత బాగా చెబుతుందో మీరూ చూడొచ్చు.

కాలేజీ చూడటానికి వెళ్లినప్పుడు మూడు విషయాలు అడగండి. విద్యార్థులు చేత్తో పట్టుకుని నేర్చుకునే ఎముకల ల్యాబ్ ఉందా, ఒకే డిగ్రీలో జెనెటిక్స్, సమాజ శాస్త్రం పేపర్లు రెండూ తీసుకోనిస్తారా, గత మూడు నాలుగేళ్లలో ఇక్కడ చదివి వెళ్లినవాళ్లు ఇప్పుడు ఎక్కడ పనిచేస్తున్నారు? మూడోదానికి బ్రోచర్ చూపిస్తే ఊరుకోవద్దు, ఇద్దరు పాత విద్యార్థులతో ఫోన్‌లో మాట్లాడించమనండి.