1918 దాకా ఆడవాళ్లకు ఓటు లేదు కదా, మరి 1905 నాటి ఇంగ్లండ్ మునిసిపల్ ఓటర్ల జాబితాలో వాళ్ల పేర్లు ఎందుకున్నాయి?

మీరు చూసింది అచ్చుతప్పు కాదండి. 1918లో వచ్చింది పార్లమెంటు ఓటు. టౌన్ కౌన్సిల్ ఓటు 1869 నుంచే కొందరు ఆడవాళ్లకు ఉంది. ఇంటిపన్ను ఎవరి పేరున ఉంటే ఓటు వాళ్లది. ఆ పన్నును రేట్స్ అనేవారు. సండర్లాండ్ ఎన్నికల మీద వచ్చిన కేసులో 1872లో కోర్టు పెళ్లయిన స్త్రీకి ఓటు లేదని తేల్చేసింది. ఇక మిగిలింది వితంతువులు, పెళ్లికానివాళ్లు. (లండన్‌లోని మునిసిపాలిటీల నియమాలు కొంచెం వేరు.)

నేనుండే ఇంగ్లండ్ ఊళ్లో మా వీధి చరిత్ర కోసం లైబ్రరీలో ఈ ఓటర్ల జాబితాలు తిరగేశాను. వీటిని బర్గెస్ రోల్స్ అనేవారు. మూడు భాగాలుంటాయి: రెండు ఓట్లూ ఉన్నవాళ్లు, పార్లమెంటు ఓటే ఉన్నవాళ్లు, మునిసిపల్ ఓటే ఉన్నవాళ్లు. మొదటి రెండిట్లో అన్నీ జాన్‌లు, విలియమ్‌లే. మూడోదానికి వచ్చేసరికి వరసగా మేరీలు, ఎలిజబెత్‌లు. ఒకామె పేరు పక్కన ‘ఇల్లు, షాపు’ అని ఉంది. భర్త పోయాక షాపు తనే నడిపిందేమో అనుకుంటూ ఆ పేజీ దగ్గరే చాలాసేపు ఉండిపోయాను.

నాకు కష్టమనిపించింది ఇంకోటి. అలాంటి ఇంట్లో ఏడాదికి 10 పౌండ్ల విలువైన గదిలో అద్దెకున్న మగవాడికి పార్లమెంటు ఓటు దొరికేది, కౌన్సిల్ ఓటు ఉండేది కాదు. ఇల్లు నడిపే ఆమెకు సరిగ్గా తలకిందులు. ఏటా నవంబరు 1న జరిగే కౌన్సిల్ ఎన్నికకు ఆమె వెళ్లేది. దేశాన్ని ఎవరు పాలించాలో తేల్చే రోజున మాత్రం ఆమె ఇంట్లో ఉంటే, అద్దెకున్నాయన వెళ్లేవాడు.

కౌన్సిల్‌కు నిలబడే హక్కు ఆడవాళ్లకు 1907 చట్టంతో వచ్చింది. మరుసటేడే డాక్టర్ ఎలిజబెత్ గారెట్ ఆండర్సన్ ఇంగ్లండ్‌లోని ఆల్డ్‌బరో అనే ఊరికి మేయర్ అయ్యారు. మగ మేయర్‌కు పదవితోపాటు వచ్చే మేజిస్ట్రేటు హోదా స్త్రీకి రాకుండా అదే చట్టంలో రాసిపెట్టారు. ఎంత అన్యాయం!

మీరు వెతికే పేరు తర్వాతి ఏడాది కనపడకపోతే చనిపోయిందని అనుకోకండి. అప్పట్లో జాబితాలో పేరుండాలంటే జులై 15 నాటికి 12 నెలలుగా ఇల్లు తన చేతిలో ఉండాలి, రేట్స్ బకాయి ఉండకూడదు, పేదలకిచ్చే సాయం తీసుకుని ఉండకూడదు. పెళ్లి చేసుకున్నా పేరు ఎగిరిపోయేది. అందుకని ముందు ఆ ఏటి పెళ్లిళ్ల రిజిస్టర్ చూడండి.